చామనచాయ సాటిన్

మనుషుల్ని ఊరికే నమ్మడం నాకు చేతకాదు. పాలామె నవ్వుతూ పోస్తే ఆ పూట పాలు రెండుసార్లు చూస్తాను. దీనికి సగం కారణం నా పుట్టుక, సగం నా వ్యాపారం. మదనపల్లెలో పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్ల లోదుస్తుల షాపు నడుపుతున్నాను. ఈ బేరంలో నిజం చెప్పేవాళ్లు అరుదు. "మా చెల్లెలికి" అంటారు, "పక్కింటామె తెమ్మనింది" అంటారు. సైజు అడిగితే గోడకేసి చూస్తారు. కొన్నదాన్ని నల్ల కవర్లో పెట్టి, దాన్ని సంచిలో పెట్టి, పైన కొత్తిమీర కట్ట కప్పుకుని బయటపడతారు.

పుంగనూరు లాల్ బీ మాత్రం అలా కాదు. నెలకోసారి బస్సెక్కి వచ్చి, బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, అందరికీ వినపడేలా అడిగేది.

"కాటన్ సాటిన్ తియ్యి ఉషమ్మా. నైలాన్‌ది వద్దు, చెమట పడ్తాది."

కంపెనీవాళ్లు 'స్కిన్ కలర్' అని రాసి పంపే గుడ్డ ఒకటుంది. గులాబీ కలిసిన తెలుపు. మా జిల్లాలో అది ఎవరి చర్మమో నాకు ఈనాటికీ తెలీదు. లాల్ బీ దాన్ని తన ముంజేతి మీద పరిచి పగలబడి నవ్వేది. ఆమెకు చామనచాయ కావాలి, గోధుమరంగు కావాలి, మంచి నలుపు కావాలి. ఆమె పోరు పడలేక ఏజెంటుకు చెప్పి ప్రత్యేకంగా ఆ రంగుల థాన్లు తెప్పించాను. ఒక్కో రంగులో మీటరు తీసుకునేది, తప్పకుండా ప్రతి నెలా.

"ఏం కుడతాండావక్కా దీంతో?" అని అడిగితే, "లోపలి పనిలేమ్మా" అనేది, అంతే. ఊరంతా వినేలా గుడ్డ అడిగే మనిషి, ఆ గుడ్డ ఏమైపోతోందో మాత్రం చెప్పదు. నాకు అక్కడే తేడా కొట్టింది.

మా అత్తగారిల్లు పుంగనూరులోనే, లాల్ బీ ఇంటికి ముందు వీధి. పోయినప్పుడల్లా మిద్దె మీద నిలబడి చుట్టుపక్కల తాళ్లన్నీ పరికించేదాన్ని. మా వైపు లోపలి గుడ్డల్ని నేరుగా ఆరేయరు. ముందు దాన్ని తాడు మీద వేసి, పైన చీరో తువ్వాలో కప్పుతారు. ఎండ చీరకు, చెమ్మ లోపలిదానికి. గాలి వీచి చీర చెంగు లేచినప్పుడు కనబడేదేదో కనబడుతుంది. ఏడాదిపాటు చూశాను. నా షాపులో అమ్మినవన్నీ కనబడ్డాయి, నేను అమ్మనివి కూడా కనబడ్డాయి. చామనచాయ సాటిన్ మాత్రం ఒక్క తాడు మీదా లేదు.

అలాగని లాల్ బీ పనిరాని మనిషేం కాదు. ఆమె గురించి చెప్పాలంటే వాళ్లమ్మ దగ్గర మొదలుపెట్టాలి. వాళ్లమ్మ పెద్దమండ్యం వైపు పల్లెలు తిరిగి రవికెలు కుట్టేది. ఆ రోజుల్లో అక్కడి ముసలివాళ్లు చాలామందికి రవికే లేదు. కొంగు చుట్టి బిగించారంటే చేనికైనా పెళ్లికైనా అదే. రవికె తొడిగిన కొత్త కోడల్ని వింతగా చూసేవాళ్లట. కొన్నాళ్లకు రవికె లేనివాళ్లు వింత అయ్యారు. ఇంకొన్నాళ్లకు రవికె కింద మరొకటి ఉండాలన్నారు. దాన్ని 'బాడీ' అనేవాళ్లు, బ్రా అనే మాట తర్వాత వచ్చింది. అదెలా కుట్టాలో ఎవరికి తెలుసు? మదనపల్లెలో ఒక నర్సమ్మ చిరిగిపోయిన తన బాడీని పారేయబోతుంటే, లాల్ బీ వాళ్లమ్మ అడిగి తెచ్చుకుంది. ఒక్కో కుట్టూ విప్పి, ఒక్కో ముక్కనూ పాత పేపరు మీద పెట్టి పెన్సిలుతో గీసుకుంది. ఆ పేపరు ముక్కలు ఇప్పటికీ లాల్ బీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

అప్పుడు బాడీలకు లాంగ్‌క్లాతు, మల్లుగుడ్డ. ముందువైపు గుండ్రంగా కుట్టు మీద కుట్టు తిప్పి మొన తేల్చేవాళ్లు. మొదట వెనక ముడి, తర్వాత గుండీలు, ఆ తర్వాత హుక్కులు. సాటిన్ అంటే పెళ్లికూతురి పట్టుచీర కింది లంగాకే. లాల్ బీ వాళ్ల నాయనమ్మ దాన్ని అత్లస్ అనేదట, అప్పట్లో అది పట్టుతోనే నేసేవాళ్లట. సాటిన్ కిటుకంతా నేతలోనే ఉంది. ఒక దారం నాలుగైదు పోగుల మీదుగా దూకి ఒక్క పోగు కింద దూరుతుంది. అందుకే ఒకవైపు మెరుపు, చెయ్యి పెడితే జారిపోతుంది. రెండోవైపు మొద్దు.

లాల్ బీ తన పదిహేనో ఏట మిషను ఎక్కింది. పుంగనూరులో ఒక తరం ఆడవాళ్ల ఒళ్లు ఆమె టేపుకు తెలుసు. తర్వాత నాలాంటివాళ్లం అట్టపెట్టెల్లో రెడీమేడువి దించాం. ఏడాది తిరిగేసరికి ఆమె దగ్గర బాడీ కుట్టించుకునేవాళ్లే లేకుండాపోయారు. ఫాల్సు కుట్టుకుంటూ, జాకెట్లు వదులు చేసుకుంటూ బతికింది. ఆ సంగతి నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకుంది కాబట్టే ఆమె నా మీద ఏదో కడుపులో పెట్టుకుందని కూడా అనిపించేది. నా గుడ్డతోనే నాకు పోటీగా కంపెనీ లేబుళ్లు వేసి ఎక్కడైనా అమ్ముతోందేమో!

ఒకరోజు పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సులో కిటికీ పక్కన కనబడింది, ఒళ్లో గుడ్డసంచితో. పలకరిస్తే, "చుట్టాలుండారమ్మా" అంది. లాల్ బీ చుట్టాలంతా కలికిరిలో ఉంటారని నాకు బాగా తెలుసు. కుప్పంలో మా తోడికోడలు పల్లవి ఉంటుంది, అక్కడి సచివాలయంలో ఉద్యోగం. ఆ సాయంత్రమే దానికి ఫోను చేశాను.

"మీ ఊరికి లాల్ బీ యాల వస్తాంది?"

"నాకేం తెలుసక్కా. ఆఫీసులో ఉండాను, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది. ఆరున్నరకు ఏ ఆఫీసు? మళ్లీ చెయ్యనూ లేదు. ఇద్దరి మధ్యా ఏదో ఉందని అప్పుడు ఖాయం చేసుకున్నాను.

పల్లవి మీద నాకు అంతకుముందే కొంచెం అనుమానం ఉంది. పోయినేడాది దానికి గర్భసంచి ఆపరేషనైందని మా మరిది చరణ్ ఫోనులో చెప్పాడు. చూడ్డానికి బయల్దేరతామంటే వద్దే వద్దన్నాడు, ఇన్‌ఫెక్షన్ అన్నాడు. గర్భసంచి తీసేసినవాళ్లు మా వీధిలో ఇంటికొకరున్నారు, మూడో వారానికి నీళ్లు మోస్తారు. ఇది ఆరునెలలు ఎవరికీ మొహం చూపించలేదు.

ఈ ఏడు గంగమ్మ జాతరకు అందరం పుంగనూరులో కలిశాం. పల్లవి చిక్కిపోయింది, జుట్టు మొగపిల్లల మాదిరి పొట్టిగా ఉంది. మొక్కు అని చెప్పింది. వచ్చినప్పటినుంచీ కనిపెడుతూనే ఉన్నాను. స్నానానికి పోతే గడియపెట్టి గంటసేపు. ఉతికినవి తాడు మీద వెయ్యదు, గదిలోనే కుర్చీ వీపున వేసుకుంటుంది. అటక మీది గిన్నె అందుకోమంటే ఎడమచెయ్యి లేపదు. "మెడ పట్టేసిందక్కా" అంటుంది. పనికి ఒళ్లు దాచుకుంటోందని నేను అత్తతో అన్నాను కూడా.

మా అత్త సిద్ధమ్మ గురించి ఒక్కమాట చెప్పాలి. నా అనుమానాలు నాకు ఒకెత్తు అయితే ఆమెవి పదెత్తులు. గుమ్మంలో నిమ్మకాయ తొక్క కనబడితే ఎవరు వేశారో తేల్చేదాకా అన్నం తినదు.

కోడళ్లు గంగమ్మకు పిండి దీపాలెత్తే రోజు పొద్దున పెరటివైపు పోతే, వెనక గోడ దగ్గర లాల్ బీ, పల్లవి! లాల్ బీ కొంగు చాటునుంచి ఏదో తీసి ఇచ్చింది. పల్లవి దాన్ని గుండెకు హత్తుకుని లోపలికి పరుగెత్తింది. నన్ను ఇద్దరూ చూడలేదు. పల్లవి స్నానానికి పోయి గడియ పెట్టుకోగానే నేను దాని గదిలో దూరి, దాని బ్యాగు విప్పాను. అవును, విప్పాను. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తోంది గానీ అప్పుడు నా చేతులు కాస్తయినా వణకలేదు.

మడతపెట్టిన పట్టుచీర కింద ఉంది. అరచేతిలో సరిపోయేంత గుండ్రటి మూట, ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు చదును. నేను అమ్మిన చామనచాయ సాటినే. చదునువైపు మెరుపు పైకి ఉంది, ఉబ్బెత్తువైపు గుడ్డ తిరగేసి కుట్టి ఉంది. నలభై ఏళ్లకు పైగా కుట్టిన చెయ్యి పొరపాటున తిరగేసి కుడుతుందా? ఇంత చిన్నదానికి అంత బరువేమిటని నొక్కి చూశాను. లోపల గలగలా జారాయి. కుట్టు సందులోంచి ఒకటి బయటపడింది. ఆవగింజ.

ఆవాలు, తిరగేసిన గుడ్డ, ఎవరూ చూడకుండా చేతులు మారిన మూట! చేతబడి కాకపోతే ఇంకేమిటి? తీసుకుపోయి అత్త ముందు పెట్టాను. ఆమె పెరట్లో పొంగలికి పొయ్యి రాజేసి ఉంది.

"ముట్టుకోబాకే! పొయ్యిలో ఎయ్యి!"

వేశాను. సాటిన్ అంటుకుని నల్లగా ముడుచుకుంది, తర్వాత ఆవాలు పేలడం మొదలైంది. చిటపట చిటపట, పొయ్యి చుట్టూ ఎగిరిపడ్డాయి. "సూడు, సూడు! ఎంత పెట్టినారో సూడు మా ఇంటిమీద!" అని అత్త రెండు చేతులూ గాల్లో తిప్పి మెటికలు విరిచింది. నాకూ తృప్తిగా ఉంది. ఏడాది అనుమానం ఆ చప్పుడుతో రుజువైంది కదా.

నిప్పు అణిగాక అత్త బూడిదను చేటలోకి తీసింది. కాలకుండా ఒక మూల ముక్క మిగిలింది, దానికి సన్న పట్టీ కుట్టి ఉంది. దాన్ని తిరగేసి మరగేసి చూసుకుంటూ, మూడుదారుల్లో పారబోసి వస్తానని వీధిలోకి పోయింది.

ఆమె అటు పోగానే పల్లవి ఇటు వచ్చింది. తడి జుట్టు, ఒంటి చుట్టూ బిగించి పట్టుకున్న తువ్వాలు. "అక్కా, నా బ్యాగులో ఒకటి..." అని, పొయ్యి చుట్టూ చెదిరిన ఆవాలు చూసి ఆగిపోయింది.

"యాడికి పోయింది నీ మూట అని అడగతాండావా? కాల్చేసినా. ఎవురి మీద పెట్టిస్తాండావు, నా మీదనా, అత్త మీదనా?"

అది అరవలేదు. పొయ్యి ముందు కూలబడి, ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టింది. నాలుగు గింజలు ఏరి, ఇక ఏరలేక నా చెయ్యి పట్టుకుని తువ్వాలు మీద ఎడమవైపు ఆనించుకుంది. అక్కడ ఏమీ లేదు. పలక మాదిరి చదునుగా ఉంది, గుండె కొట్టుకోవడం నేరుగా నా అరచేతికి తగిలింది.

"తీసేసినారక్కా. గర్భసంచి కాదు."

పద్దెనిమిదేళ్లు అదే సరుకు అమ్మినదాన్ని, నా ఇంట్లో మనిషికి ఏం లేదో ఏం ఉందో నాకు తెలీలేదు. పైగా తన చేతికి అందిన ఆ కాస్త ఆసరానూ నేనే తీసుకుపోయి నిప్పుల్లో వేశాను.

"అత్తకు తెలియకూడదక్కా," అంది పల్లవి. "ఎదురింటి అక్కమ్మకు ఈ జబ్బే వచ్చినప్పుడు, ఆమె పంపిన ప్రసాదం గూడా అత్త వంటింట్లోకి రానీలేదు. నువ్వూ సూసినావు కదా. రేపు నన్ను ఏం చేస్తాది? మధ్యాన్నం దీపం పళ్లెం పట్టుకుని వీధి వీధంతా నడవాల నేను. ఇట్లా ఎట్లా నడిచేది?"

అంతలో వీధి తలుపు చప్పుడైంది. పల్లవిని గదిలోకి తోసి తలుపు వేశాను. అత్త ఖాళీ చేటతో వచ్చింది. "ఆ సాయిబమ్మ పొద్దున మన గోడ దగ్గర తిరగతాంటే సూసినానే. పద, నలుగుర్ని పిలుసుకుని పోయి అడగదాం."

లాల్ బీ మీదికి నలుగురు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. నోటికొచ్చింది చెప్పాను. "వద్దత్తా. అది నాదే. గుండుసూదులు గుచ్చుకునే దిండు. షాపుకని లాల్ బీతో కుట్టించినా. పొరపాటున పల్లవి బ్యాగులో పడింది."

"పొయ్యిలో ఎయ్యమన్నప్పుడు నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

"మర్సిపోయినా."

అత్త నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నేను అందర్నీ ఎలా చూస్తానో సరిగ్గా అలా చూసింది. ఆ చూపు కింద నిలబడడం ఎంత కష్టమో నాకు మొదటిసారి తెలిసింది. ఇంకేం అడక్కముందే చెప్పులేసుకుని వెనక వీధికి పరుగెత్తాను.

లాల్ బీ మిషను ముందు కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను, చేతబడి అనుకున్న సంగతితో సహా. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి, "పల్లవి రాత్రి ఇచ్చిన పాత మూట పిగిలిపోతే పొద్దునే విప్పినా, ఆవాలు ఉండాయి. గుడ్డే లేదు. పోయిన నెల తెచ్చిందంతా అయిపోయింది" అంది. మదనపల్లె పోయి వచ్చేంత పొద్దు లేదు.

నా షాపులో చామనచాయ ముక్క ఒకటి మిగిలితే నేనే లంగా కుట్టించుకున్నాను. జాతరకని పట్టుచీర కింద అదే కట్టుకుని ఉన్నాను. పరదా వెనక్కి పోయి విప్పి ఇచ్చాను. లాల్ బీ కింది అంచునుంచి జానెడు గుడ్డ కత్తిరించి, మిగతాది నాకు తిరిగి ఇచ్చింది.

"మెరుపు ఒంటివైపు పెట్టాల," అంది కుడుతూ. "కోసిన సోట తోలు పలుసగా ఉంటాది. ముతకది తగిలితే మంట. ఆవాలు యాలనంటే, దూది బరువుండదు. బరువు లేకుంటే ఆ పక్క భుజం లేసిపోతాది, నడక వంకర పోతాది."

కుప్పంలో ఆసుపత్రి మెట్ల దగ్గర పదిహేను రోజులకోసారి కూర్చుంటుందట. ఆపరేషనైన ఆడవాళ్లు అక్కడికి వచ్చి చెవిలో చెబుతారు. అక్కడే పల్లవి కనబడింది. ఎవరికీ చెప్పనని దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

"ఇదంతా యాడ నేర్సుకున్నావక్కా?"

"మాయమ్మకు ఇదే వచ్చె. ఎంతమందికి బాడీలు కుట్టిందో, తన రొమ్ము మాత్రం ఎవురికీ సూపించలేదు. డాక్టరుకు గూడా. వాసనొచ్చినాక నాకు తెలిసె." దారం పళ్లతో తెంపి, కొత్త మూటను అరచేతిలో ఎత్తి బరువు చూసుకుని నా చేతిలో పెట్టింది. నేను ఏడుస్తుంటే, "ఏడ్సేది తర్వాత ఏడుద్దువు, పోమ్మా, దానికి టయిమవతాంది" అని కసిరింది.

మధ్యాహ్నం పల్లవి పట్టుచీర కట్టుకుని, పిండి దీపం పెట్టిన పళ్లెం పట్టుకుని వీధిలోకి దిగింది. నిటారుగా నడిచింది. నేను పక్కనే నడుస్తూ దానికంటే ఎక్కువగా భయపడ్డాను. మలుపు దగ్గర అత్త వెనకనుంచి వచ్చి, దాని చేతిలో పళ్లెం తీసేసుకుంది. "నీ మెడ పట్టేసిందంటివి కదా, కొంచేపు నేను మోస్తాలే" అంది. ఎప్పుడూ ఒకరి పళ్లెం ముట్టని మనిషి. ఈమెకు ఏం తెలిసిందో! ఆ పొద్దంతా ఆమె మొహం వెతికాను, ఏమీ దొరకలేదు.

మర్నాడు తెల్లారి పల్లవి, చరణ్ కుప్పం బస్సు ఎక్కారు. సాగనంపి ఇంటికొచ్చేసరికి అత్త వసారాలో చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేట నిండా ఆవాలు. పక్కన నిన్న పొయ్యిలో కాలకుండా మిగిలిన ఆ పట్టీ ముక్క. కళ్లద్దాలు పెట్టుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది.

"ఇన్ని ఆవాలు యాలత్తా? పచ్చడి పెడతాండావా?"

ఆమె తలెత్తలేదు. "లాల్ బీకి ఇచ్చిరా," అంది. "అంగడి ఆవాల్లో రాళ్లుంటాయి. పుండు మీద ఒత్తుకుంటాది."

అత్త ఇంకో రాయి ఏరి పక్కన పెట్టింది.

"నాకు తెలుసునని దానికి చెప్పబాకు."